చమురు తెట్టు ఎటు వెళ్తుంది? పిల్లలకు చెప్పేందుకు ఆన్‌లైన్‌లో ఏమున్నాయి?

2025 మే 25న కొచ్చి తీరానికి దూరంగా ‘ఎంఎస్‌సీ ఎల్సా 3’ అనే సరకు నౌక మునిగిపోయింది. అందులో 640 కంటైనర్లు, 367 టన్నుల ఫర్నేస్ ఆయిల్, 84 టన్నుల డీజిల్ ఉన్నాయి. ఇలాంటి వార్త చూసి పిల్లలు ‘ఆ నూనె ఎటు పోతుంది? చేపలు చచ్చిపోతాయా?’ అని అడిగితే ఏం చెప్పాలి? ప్రభుత్వ సంస్థల వెబ్‌సైట్లలో ఇందుకు కావాల్సిన సమాచారం ఉచితంగానే దొరుకుతుంది.

హైదరాబాద్‌లోనే సముద్ర కేంద్రం

సునామీ హెచ్చరికలు, అలల సూచనలు ఇచ్చే ‘ఇన్‌కాయిస్’ ఉన్నది హైదరాబాద్ ప్రగతినగర్‌లోనే. చమురు ఒలికితే తెట్టు ఏ దిశగా కదులుతుందో కూడా ఈ సంస్థ అంచనా వేస్తుంది. తీర రక్షక దళం ఎక్కడ అడ్డుకట్ట వేయాలో నిర్ణయించుకోవడానికి ఈ అంచనా పనికొస్తుంది. గాలులు, ప్రవాహాల పటాలను దాని సైట్‌లో ఎవరైనా చూడొచ్చు.

ఈ లెక్కను పిల్లలతోనూ చేయించొచ్చు. తెట్టు ప్రవాహంతో పాటు, గాలి వేగంలో సుమారు 3 శాతం వేగంతో కదులుతుంది. గాలి గంటకు 30 కిలోమీటర్లయితే, ఆ ఒక్క కారణంతోనే తెట్టు రోజుకు 20 కిలోమీటర్లకు పైగా జరుగుతుంది.

ఏళ్ల తరబడి ఒకే రాయి ఫొటో

అమెరికా సంస్థ ‘నోవా’ సైట్‌లో పాఠాలు, ప్రయోగాలు ఉన్నాయి. 1989లో అలాస్కాలో ‘ఎక్సాన్ వాల్డెజ్’ నౌక నుంచి చమురు ఒలికాక, అక్కడి ‘మెర్న్స్ రాక్’ అనే బండను ఏటా ఫొటో తీస్తూ వచ్చారు. నాచు, ఆల్చిప్పలు ఒక ఏడాది పెరిగి, మరో ఏడాది తగ్గడం వాటిలో కనిపిస్తుంది. సముద్రం కోలుకోవడం ఒక్కరోజులో అయ్యే పని కాదని చెప్పడానికి ఆ ఫొటోలు చాలు.

ఇంట్లోనే ప్రయోగం

పళ్లెంలో నీళ్లు పోసి, నాలుగు చుక్కల వంట నూనె వేయండి. అందులో ఒక ఈక ముంచండి. అది తడిసి అతుక్కుపోతే పక్షికి చలి ఎందుకు ఆగదో అర్థమవుతుంది. దూదితో నూనె తీయమనండి. చివర్లో గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క వేయండి. నూనె చెదిరిపోతుంది కానీ మాయం కాదు, నీళ్లలోనే ఉంటుంది.

బీచ్‌లో తెట్టు కనిపిస్తే?

2017 జనవరిలో ఎన్నూరు వద్ద రెండు నౌకలు ఢీకొన్నప్పుడు చెన్నై తీరంలో చమురును బకెట్లతో ఎత్తారు. అలాంటి పనికి రక్షణ దుస్తులు తప్పనిసరి. మీకు తెట్టు కనిపిస్తే ముట్టుకోవద్దు, పిల్లలను దూరంగా ఉంచండి. తీర రక్షక దళం టోల్‌ఫ్రీ నంబర్ 1554కు చెప్పండి.