‘తర్వాత’ అని నొక్కేస్తున్నారా?

నెలకో, రెణ్ణెల్లకో ఫోను తెర మీద ఒక మాట కనిపిస్తుంది. ‘సెక్యూరిటీ అప్‌డేట్ సిద్ధంగా ఉంది. ఇప్పుడు వేసుకుంటారా, తర్వాతా?’ అని. మనం ఏం చేస్తాం? ‘తర్వాత’ మీద వేలు పెట్టేసి పొయ్యి మీది పాల సంగతి చూసుకుంటాం. డేటా అయిపోతుందని ఒకరు, ఫోటోలు పోతాయేమోనని ఒకరు, అప్‌డేట్ చేస్తే ఫోను స్లో అవుతుందట అని ఇంకొకరు. మా చివ్వెంలలో నేను విన్న జవాబులివి. మీ ఊళ్ళో వేరేగా ఉంటాయని నేననుకోను.

అసలు ఆ అప్‌డేట్‌లో ఏముంటుంది? కంప్యూటర్ చదువు చదివి హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న మా ఆడబిడ్డ కూతురు బతుకమ్మ పండక్కి వస్తే అడిగాను. “అత్తమ్మా, చిల్లులు పూడుస్తారు. అంతే” అంది. అంతేనా అని వదల్లేదు నేను. అది చెప్పినవీ, తర్వాత నేను చదివి సరిచూసుకున్నవీ కలిపి రాస్తున్నాను.

వాట్సాప్, ఫోన్‌పే, కెమెరా... మనకు కనిపించేవన్నీ పై పొట్టు. లోపల గింజ ఒకటుంది. దాని పేరు కెర్నెల్. ఆ ఇంగ్లీషు మాటకు అర్థమే గింజలోని పప్పు అని. వెనకటి ఉమ్మడి కాపురాల్లో అత్తగారి బొడ్లో తాళాల గుత్తి ఉండేది గుర్తుందా? ఏ కోడలికి బియ్యం కావాలన్నా, నెయ్యి కావాలన్నా ఆవిడే లేచి, తలుపు తీసి, కొలిచి ఇవ్వాలి. కెర్నెల్ పనీ అదే. కెమెరా కావాలన్నా, మైకు కావాలన్నా, మెమరీలో కాస్త చోటు కావాలన్నా ప్రతి యాప్ దాన్నే అడగాలి. ఒక యాప్ గదిలోకి ఇంకో యాప్ తొంగి చూడకుండా కాపలా కాసేదీ అదే. ఆ అత్తగారినే ఎవరైనా మాయ చేసి గుత్తి లాగేసుకుంటే ఇక ఏ గదికి ఎన్ని తాళాలుండి ఏం లాభం?

ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉండే కెర్నెల్ పేరు లైనక్స్. 1991లో ఫిన్లాండ్‌లోని హెల్సింకిలో 21 ఏళ్ళ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టాడు దాన్ని. ఇప్పుడు ప్రపంచమంతటా వేలమంది రాస్తున్నారు. మూడు కోట్ల పంక్తులు ఎప్పుడో దాటింది. మనుషులు రాసిందాంట్లో తప్పులుండవా మరి? ఉంటాయి. కనిపెట్టినవాటికి చీరకు మాసిక వేసినట్టు వేస్తూనే ఉంటారు. దాన్నే ప్యాచ్ అంటారు.

ఒక చిల్లు కథ చెప్తాను. దాని పేరు ‘డర్టీ కౌ’. ఆవుకూ దానికీ సంబంధం లేదు, ఇంగ్లీషులో ‘రాసేటప్పుడు నకలు ఇవ్వు’ అన్న మాటల పొడి అక్షరాలవి. తహసీల్దారు ఆఫీసులో పహాణీ చూడ్డానికి ఎవరైనా చూడొచ్చు కదా. దాని మీద గీసుకోవాలంటే మాత్రం జిరాక్సు చేతిలో పెడతారు, అసలు పుస్తకం ముట్టనివ్వరు. కెర్నెల్ కూడా అంతే. ముఖ్యమైన ఫైళ్ళను చదవనిస్తుంది, రాస్తానంటే నకలు ఇస్తుంది. కానీ రెండు పనులు ఒకేసారి, రెప్పపాటు కన్నా తక్కువ తేడాలో, మళ్ళీ మళ్ళీ అడిగితే కెర్నెల్ తికమకపడి నకలు మీద పడాల్సిన రాత అసలు మీద పడనిచ్చేది. ఊహించండి, ఎవడో జిరాక్సు మీద గీసిన గీత అసలు పహాణీలో మీ పొలం మీద పడితే ఎట్లా ఉంటుంది?

ఈ లోపం 2007 నుంచీ ఉంది. బయటపడి సరిదిద్దింది 2016 అక్టోబరులో. మన సూర్యాపేట జిల్లా పుట్టింది కూడా ఆ నెలలోనే లెండి. తొమ్మిదేళ్ళు ఎవరి కంటా పడలేదా అంటే, అంతకు ముందే ఇలాంటి లోపాన్ని సరిచేయబోయి, ఇంకో చిక్కు వచ్చి ఆ మార్పును వెనక్కి తీసుకున్నారని టోర్వాల్డ్సే రాశాడు. ఫిల్ ఓస్టర్ అనే ఆయన, దాడికి గురైన ఒక సర్వర్‌ను పరిశీలిస్తూ దీన్ని పట్టుకున్నాడు. అంటే మంచివాళ్ళకు తెలిసేసరికే దొంగలు వాడుతున్నారన్నమాట.

ప్యాచ్ వచ్చింది, కథ అయిపోయిందనుకుంటాం. అక్కడే ఉంది తిరకాసు. ప్యాచ్ బయటికొచ్చిందంటే చిల్లు ఎక్కడుందో లోకానికంతా చాటినట్టే. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూస్తే దొంగకు దారి తెలిసిపోతుంది. 2017 సెప్టెంబరులో, ప్యాచ్ వచ్చిన దాదాపు ఏడాదికి, ఇదే చిల్లులోంచి ఫోన్లలో దూరే ‘జనియు’ అనే దొంగ ప్రోగ్రామ్ బయటపడింది. ఆటల యాప్‌ల వేషంలో వచ్చేది. 40కి పైగా దేశాల్లో 5 వేలమందికి పైగా దాని బారిన పడితే, వాళ్ళలో ఎక్కువమంది చైనాలోనూ, మన దేశంలోనూ ఉన్నవాళ్ళే. మాసిక ఉంది, వేసుకోనివాళ్ళు దొరికిపోయారు.

కంప్యూటర్ల సంగతీ ఇంతే. 2017 మే 12న ‘వానాక్రై’ వచ్చింది. కంప్యూటర్లోని ఫైళ్ళకు తాళం వేసి, 300 డాలర్లు కడితే తీస్తానని అడిగే రకం. ఇంగ్లండులో ఆసుపత్రులు రోగుల్ని వెనక్కి పంపాయి. మన పక్కనే, ఆంధ్రప్రదేశ్‌లో చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖ, శ్రీకాకుళం జిల్లాల్లో పోలీసు కంప్యూటర్లకూ అది సోకింది. దొంగల్ని పట్టేవాళ్ళ ఇంట్లోనే దొంగ! అది దూరిన చిల్లు విండోస్‌లో ఫైళ్ళు పంచే భాగంలో ఉంది, ఆ భాగం నడిచేది కెర్నెల్ లోపలే. మన హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ళ నడిపే మైక్రోసాఫ్ట్ దానికి ప్యాచ్ ఇచ్చింది ఎప్పుడనుకున్నారు? మార్చి 14న. రెండు నెలలు చేతిలో ఉన్నాయి. పాత విండోస్ ఎక్స్‌పీకి మాత్రం ఆ రోజున ఇవ్వలేదు, దానికి మామూలు అప్‌డేట్లు 2014లోనే ఆపేశారు. గొడవయ్యాక మే 13న దానికీ ఇచ్చారు.

ఈ ఎక్స్‌పీ మాట దగ్గరే నాకు మన ఇళ్ళు గుర్తొచ్చాయి. ఇంట్లో కొత్త ఫోను వస్తే ఎవరికి పోతుంది? ఆయనకో, కాలేజీకి పోయే కొడుకుకో. ఆయన పాతది మనకు. మనది అత్తమ్మకు. ‘నువ్వు ఇంట్లో ఉండేదానివే కదా, మాట్లాడ్డానికి ఇది చాలదా’ అంటారు. మాట్లాడ్డానికి చాలు, నిజమే. కానీ ఇప్పుడు ఫోనంటే మాటలేనా? మహిళా సంఘం లీడర్ల ఫోనుకే బ్యాంకు మెసేజీలు వస్తాయి. గ్యాస్ డబ్బులు, పిల్లల ఫీజు, కిరాణా కొట్టు లెక్క అన్నీ అందులోంచే. ఇంటి డబ్బు తిరిగే ఫోనేమో అన్నిటికన్నా పాతది!

మొన్న సంఘం మీటింగులో అందరి ఫోన్లూ తీయించాను. సెట్టింగ్స్‌లో ‘ఫోన్ గురించి’ అన్న చోట ఆండ్రాయిడ్ వెర్షన్ నొక్కితే సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ ఉంటుంది. మీరూ చూడండి. ఒకావిడ దాంట్లో 2019 అని ఉంది. “నేనేం ముట్టలేదక్కా” అంది పాపం కంగారుగా. ఆవిడ తప్పేముంది? ఆ ఫోనుకు కంపెనీ అప్‌డేట్లు పంపడమే మానేసింది. గూగుల్ 2015 ఆగస్టు నుంచీ నెలనెలా ప్యాచ్‌ల జాబితా ఇస్తూనే ఉంది. కానీ దాన్ని మన ఫోనుదాకా తేవాల్సింది ఫోను చేసిన కంపెనీ. ఖరీదైన ఫోన్లు కొన్నిటికి ఏడేళ్ళు ఇస్తామంటున్నారు. తక్కువ ధరవాటికి అంతకాలం ఉండదు. కొనేటప్పుడు కెమెరా ఎంత అని అడుగుతాం గానీ ‘ఎన్నేళ్ళు అప్‌డేట్ వస్తుంది’ అని అడిగామా? యూరప్‌లో 2025 జూన్ నుంచి రూలే పెట్టారు, ఒక మోడల్ అమ్మకం ఆపాక కూడా కనీసం ఐదేళ్ళు అప్‌డేట్లు ఇవ్వాలని. మనకూ అలాంటిది ఉంటే మా సంఘం అక్కలు ఎంత నిశ్చింతగా ఉండేవారు!

ఒకటి మాత్రం దాచకూడదు. ఓటీపీ మన నోటితో మనం చెప్పేస్తే ఏ ప్యాచూ కాపాడలేదు. పీఎం కిసాన్ పేరుతో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైలు నొక్కితే తలుపు మనమే తీసినట్టు. అలా లోపలికొచ్చినవాడికి, కెర్నెల్‌లో పాత చిల్లు కూడా దొరికితే తాళాల గుత్తే దొరుకుతుంది. అప్‌డేట్ అంటూ మెసేజీలో వచ్చే లింకు కూడా దొంగదే, అసలుది సెట్టింగ్స్‌లోనే ఉంటుంది. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

అప్‌డేట్‌కు మంచి వేళ రాత్రి, పనులయ్యాక. ఫోను ఛార్జింగులో పెట్టి, వైఫై ఉంటే దాని మీద వేసుకోండి. ఫోను ఆరిపోయి మళ్ళీ వెలుగుతుంది, భయపడకండి. గుత్తి పట్టుకున్న పెద్దావిడ స్థానంలో కొత్తావిడ కూర్చోవాలంటే ఇల్లంతా ఒకసారి ఆగాలి కదా! ఫోటోలు మామూలుగా ఎక్కడికీ పోవు, అనుమానముంటే ముందే వేరేచోట దాచుకోండి.

ఇక అప్‌డేట్లు ఆగిపోయిన ఫోనును పారేయమని నేను చెప్పను, కొనేవాళ్ళకు తెలుసు ఖరీదు. దాంట్లోంచి బ్యాంకు యాప్, ఫోన్‌పే తీసేయండి. ఓటీపీలు వచ్చే సిమ్ము ఇంట్లో అప్‌డేట్ వస్తున్న ఫోనులోకి మార్చండి. పాతదాంట్లో పాటలు వినండి, పెద్దగట్టు జాతరలో ఫోటోలు తీసుకోండి. ఆటలకని పిల్లల చేతికిస్తే మాత్రం, వాళ్ళు ఏవేవి దింపుతున్నారో ఒక కన్ను వేసి ఉంచండి.