మగ్గం విప్పిన రోజు

షోలాపూరు తూర్పు భాగంలో తెలంగాణ నుంచి వలస వచ్చిన మన పద్మశాలీల ఇళ్లే ఎక్కువ. షోలాపూరు చద్దర్లకు 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చింది గానీ, మా పెద్దనాయన నేసిన చీరకు కొనేవాళ్లు కరువయ్యారు. పోయినేడు గుంట మగ్గం విప్పేశాం.

మేకులు పీకి కర్రలు విడదీయడం ఎంతసేపు! పెద్దనాయన చెయ్యి ఆగింది అచ్చు దగ్గరే. పడుగు అయిపోయినా నేతగాడు అచ్చులోంచి, పన్నెలోంచి పాత పోగుల కొసలు లాగడు. కొత్త పడుగును పోగుకు పోగు వాటికే అతుకుతాడు. లేకుంటే వేల పోగులు ఒక్కొక్కటే మళ్లీ ఎక్కించాలి కదా!

"నేను తీయనా, పెద్దనాయనా?"

"వద్దు బిడ్డా, అట్లనే చుట్టిపెట్టు."

గుంట పూడ్చి బండ పరిచాం. నాడెను పిల్లలు పడవ చేసుకున్నారు. అచ్చు అటక మీద ఉంది, పోగులతో సహా.