కండ పెంచినంక కొవ్వు కరిగిచ్చుడు: పళ్లెంల ఏం తియ్యాలె, ఏం ఉంచాలె?

మా మెట్‌పల్లిల పొద్దుగాల అయిదు గొట్టంగ గ్రౌండ్‌కు పోయి చూడున్రి. చీకట్లనే పిల్లలు ఉరుకుతుంటరు. పోలీసు కొలువు కోసం. 2022 నోటిఫికేషన్ల మొగపిల్లలకు 1600 మీటర్ల పరుగు 7 నిమిషాల 15 సెకండ్లు, ఆడపిల్లలకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకండ్లు అని పెట్టిన్రు. అది గాక లాంగ్ జంపు, షాట్‌పుట్. గుండు ఇసిరెటందుకు కండ గావాలె, ఉరికెటందుకు ఒళ్లు తేలిగ్గ ఉండాలె. ఈ రెండిట్ల నడుమ మన పిల్లలు ఆగమైతున్రు.

మా వాడకట్టు పోరడొకడు ఎనిమిది నెలలు జిమ్ముకు పోయి 67 కిలోల నుంచి 75కు వచ్చిండు. వాళ్లమ్మ బీడీలు చేస్తది. ఆ పైసలతోనే గుడ్లు, పాలు, ఓ పౌడర్ డబ్బా. భుజాలు వచ్చినయ్, ఎంబడే పొట్ట గూడ వచ్చింది. ఉరుకుడు మందమైంది. ఇగ ఒక్క దినంలనే రాత్రి అన్నం బందు వెట్టిండు, పగటీలి రెండు రొట్టెలు. పది రోజులల్ల మూడు కిలోలు తగ్గిన్నని మురిసిండు. పదిహేనో రోజు మూడో రౌండుల కండ్లు తిరిగి పడ్డడు. "అన్నా, తిన్నా తప్పే, తినకున్నా తప్పేనా?" అని అడిగిండు.

నేను డాక్టర్ను కాదు, కోచ్‌ను గూడ కాదు. చదివి, తెలిసినోళ్లను అడిగి నేర్చుకున్నదే చెప్తున్న.

ముందుగాల వాని లెక్క చూద్దాం. నెలకు కిలో లెక్కన పెరిగిండు. ఒంట్ల కిలో కొవ్వుల సుమారు 7,700 క్యాలరీలు ఉంటయ్. దాన్ని ముప్పై రోజులకు పంచితే రోజుకు 250 చిల్లర. అంటే ఒళ్లు ఖర్చు వెట్టేదానికన్న గంత ఎక్కువ తిన్నడన్నట్టు. వాడు రోజుకు 3,000 దాక తింటుండె. అంటే వాని బరువు పెరగక, తగ్గక నిలబడేది 2,750 కాడ. మోటు లెక్కనే, పెరిగిందంత కొవ్వు కాదు గదా. కానీ మొదలువెట్టెటందుకు ఇది చాలు. ఫోన్ల యాప్ చెప్పే అంకె కన్న నీ కాంటా చెప్పేదే నయం.

వాడు 3,000 నుంచి ఏకంగ 1,200కు దుంకిండు. చెయ్యాల్సింది ఏందంటే, ముందు ఆ 2,750 కాడ రెండు వారాలు ఆగాలె. గట్ల ఆగాల్నని శాస్త్రంల రూలేం లేదు, కానీ నీ అసలు అంకె కరెక్టేనా అన్నది గప్పుడే తేలుతది, ఎక్కువ తినే అలవాటు గూడ జర తగ్గుతది. ఆ తర్వాత దాంట్లకెళ్లి 400, 500 తియ్యాలె. గంతే. గట్ల చేస్తే వారానికి నాలుగైదు వందల గ్రాములు తగ్గుతవు. వారానికి నీ బరువుల అర శాతం నుంచి ఒక శాతం దాక పోతే మంచి స్పీడే. అంతకన్న జోరుగ పోతున్నవంటే కొవ్వుతోటి కండ గూడ కరుగుతున్నదని అనుమానపడాలె.

మరి పది రోజులల్ల పోయిన ఆ మూడు కిలోలు? అదంత కొవ్వే కాదు, అండ్ల నీళ్లు గూడ ఉన్నయ్. అన్నం తిన్నప్పుడు కండలల్ల, కార్జంల గ్లైకోజెన్ అని ఒక నిల్వ పడుతది. అది ఒక్కో గ్రాముకు మూడు గ్రాముల దాక నీళ్లు పట్టుకోని ఉంటది. అన్నం ఒక్కసారే ఆపితే నిల్వ పోతది, నీళ్లు పోతయ్. పరుగుకు తాకత్ ఇచ్చేది గా నిల్వనే. అందుకే మూడో రౌండుల పడ్డడు.

ఇగ అసలు ముచ్చట, పళ్లెంల ఏం తియ్యాలె? మన ఇండ్లల్ల అందరు చేసే తప్పు ఇక్కడనే ఉన్నది. తగ్గాలంటే పప్పు, గుడ్డు ఆపి రొట్టె, చారు తోటి సరివెడతరు. ఖరీదైనవి ముందుగాల పోతయ్. ఉల్టా చెయ్యాలె. వండిన అన్నం 200 గ్రాములు తీస్తే 260 క్యాలరీలు. కూరల ఒక పెద్ద చెంచా నూనె తీస్తే 120. రెండు చాయల చక్కెర ఆపితే 70. అయిపాయె, 450. కడుపు మాడలే.

ప్రొటీన్ మాత్రం తగ్గొద్దు. కిలో బరువుకు 1.6 గ్రాముల నుంచి 2 గ్రాముల దాక, అంటే మనోనికి రోజుకు 120 గ్రాములన్న పడాలె. నాలుగు గుడ్లకు 24, వంద గ్రాముల కందిపప్పుకు 22, యాభై గ్రాముల మీల్‌మేకర్‌కు 26, పెరుగు ఓ పెద్ద గిన్నెకు ఏడెనిమిది, మిగిలింది చికెన్, అన్నం, జొన్నరొట్టె. చికెన్ దొరకని దినం ఇంకింత మీల్‌మేకర్, శెనిగ గుడాలు. కిడ్నీల సమస్య ఉన్నోళ్లు, షుగర్ గోలీలు వేసుకునేటోళ్లు డాక్టర్ను అడగకుంట ఇవేవి చెయ్యొద్దు.

ఇక్కడొక మాట అనకుంట ఉండలేను. రేషన్ల మనిషికి నెలకు 6 కిలోల బియ్యం ఇస్తున్నరు. రోజుకు 200 గ్రాములు, సుమారు 700 క్యాలరీలు. అండ్ల ప్రొటీన్ పదహారు గ్రాములు మించదు. సర్కారు ఇచ్చే తిండిల బియ్యం ఉన్నది గనీ, కండ నిలబెట్టేదాన్ని తల్లి బీడీలు చుట్టి కొనాలె. గా పైసలు పౌడర్ డబ్బాకు పోతే నాకు కడుపు మండుతది. హైదరాబాద్‌ల ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024ల ఇచ్చిన ఆహార సూచనలల్ల గూడ ఒళ్లు పెంచెటందుకు ప్రొటీన్ పౌడర్లు వద్దనే ఉన్నది.

ఇంతకన్న ఘోరం 'ఫ్యాట్ కట్టర్' గోలీలు. డీఎన్‌పీ అనే రసాయనం 1930లల్ల అమెరికాల బరువు తగ్గే మందని అమ్మిన్రు, మనుషులు సచ్చిపోతే 1938ల ఆపిన్రు. ఇయ్యాల్టికీ అది ఆన్‌లైన్ల దొంగతనంగ తిరుగుతనే ఉన్నది. ఏం గోలీ అని అడిగితే పేరు చెప్పని మనిషి దగ్గర ఏది కొనకు.

రోజు పొద్దుగాల మొఖం కడుక్కున్నంక కాంటా ఎక్కు. కానీ ఆ రోజు అంకెను చూసి పరేషాన్ గాకు, ఏడు రోజుల సగటు తీసుకో. ఉప్పు ఎక్కువ తిన్న తెల్లారి కిలో పెరిగినట్టు కనవడ్తది. సగటు రెండు మూడు వారాలు కదలకుంటే ఇంకో 100, 150 తియ్యి, లేకుంటే అరగంట ఎక్కువ నడువు. ముందుగాల ఆదివారం దావత్‌ను గూడ లెక్కవెట్టు. ఆరు రోజులు మిగిలిచ్చిన 2,700ల సగం కన్న ఎక్కువ ఒక్క దావత్‌ల తిరిగొస్తది.

అంకె నిలబడుటానికి ఇంకో కారణం గూడ ఉన్నది. తిండి తగ్గితే ఒళ్లు ఖర్చు తగ్గిస్తది. 1944-45ల అమెరికాల మిన్నెసోటా యూనివర్సిటీల ఆన్సెల్ కీస్ అనే ఆయన 36 మంది ఆరోగ్యమైన మొగోళ్లకు 24 వారాలు సగం తిండి వెట్టి చూసిండు. బరువుల నాలుగో వంతు పోయింది. చలి ఎక్కువైంది, ఏ పని మీద మనసు పోలే, పొద్దుమాపు తిండి ముచ్చటే. నీకు నిద్ర పడ్తలేదు, బరువులు మోసుడు వారం వారం తగ్గుతున్నదంటే మళ్ల 2,750 కాడికి పోయి వారం పది దినాలు ఆగు. ఆడపిల్లలు ఇంకా హుషారుగ ఉండాలె. మన రాష్ట్రంల సగం కన్న ఎక్కువ మంది ఆడోళ్లకు రక్తం తక్కువున్నది. నెలసరి తప్పితే తిండి పెంచాలె, డాక్టర్ను కలవాలె.

బరువులు ఎత్తుడు మాత్రం ఆపొద్దు. కండ అవసరం ఉన్నదని ఒంటికి తెలిపేది అదే. ఇగ పసుపు తవ్వే రోజులల్ల పొద్దంత చెల్కల వంగి పనిచేసేటోళ్లకు ఈ అంకెలు సరిపోవు, ఖర్చు మస్తు పెరుగుతది. ఆ నెలలల్ల తగ్గిచ్చుడు మొదలే పెట్టకున్రి.

ఈవెంట్స్‌కు మూడు వారాల ముందు తగ్గిచ్చుడు ఆపి, మళ్ల నిలబడే అంకెకు రావాలె. అన్నం తిరిగి పెట్టుకోవాలె. మా పోరడు ఇప్పుడు 72 కాడ ఉన్నడు. పరుగు 7 నిమిషాల 2 సెకండ్లకు వచ్చింది. పౌడర్ డబ్బా అయిపోయినంక వాళ్లమ్మ దాన్ని కడిగి కందిపప్పు పోసిపెట్టింది.