సొసైటీ ఆవర్జాలు కంప్యూటరెక్కుతున్నాయి
పాత బాకీ సరిచూసుకోవలసింది రైతే

సింగరాయకొండ: అసలు ఎంత కట్టాను, వడ్డీ ఎంత మిగిలింది అని రైతు అడిగితే, గుమాస్తా బీరువా తెరిచి లావుపాటి ఆవర్జా దించి పేజీలు తిరగేసి చెప్పడం సహకార సంఘాల్లో తరాలుగా వస్తున్న పద్ధతి. గుమాస్తా బ్యాంకు పనిమీద ఒంగోలు వెళితే ఆ రోజుకి సమాధానం లేనట్లే. ఇప్పుడు ఆ ఆవర్జాల స్థానంలోకి కంప్యూటరు వస్తోంది. పొగాకు, శనగ, మిరప వేసే ఈ ప్రాంత రైతాంగం ఈ మార్పును సెక్రటరీల వ్యవహారమని వదిలేయడానికి లేదు.

దేశంలో పనిచేస్తున్న 63 వేల ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాలను ఐదేళ్లలో కంప్యూటరీకరించే పథకానికి కేంద్ర ప్రభుత్వం 2022 జూన్ 29న ఆమోదం తెలిపింది. అప్పటి అంచనా 2,516 కోట్ల రూపాయలు. పని బాధ్యత నాబార్డుది. కంప్యూటరు, సాఫ్ట్‌వేరు, సిబ్బందికి శిక్షణ, పాత రికార్డుల నమోదు అన్నీ ఇందులోనే ఉన్నాయి. సంఘాలకు ఉమ్మడి సాఫ్ట్‌వేరును ‘క్లౌడ్’ పద్ధతిలో ఇస్తున్నారు. క్లౌడ్ అంటే మబ్బు. లెక్కలు మబ్బులో ఉండటమేమిటని నవ్వనక్కరలేదు. సంఘంలో నమోదు చేసిన లెక్క ఎక్కడో దూరాన పెద్ద కంప్యూటర్ల కేంద్రంలో భద్రంగా ఉంటుంది. తుపానుకు ఆఫీసు పైకప్పు కారినా లెక్క తడవదు. కాకపోతే తుపానుకు కరెంటూ, నెట్టూ కూడా పోతాయి. అవి తిరిగి వచ్చేదాకా మాత్రం ఓపిక పట్టక తప్పదు.

సంఘాలకు ఈ అవసరం ఊరకే రాలేదు. 2023 జనవరి 5న కేంద్రం రాష్ట్రాలకు పంపిన మాదిరి నియమావళి ప్రకారం సంఘం పంట రుణాలతో ఆగకుండా గిడ్డంగి, పెట్రోలు బంకు, గ్యాసు, మందుల షాపు వంటి 25కు పైగా పనులు చేపట్టవచ్చు. వ్యాపారం పెరిగేకొద్దీ లెక్క అప్పజెప్పవలసిన గుమ్మాలూ పెరుగుతాయి. 1964 నాటి సహకార చట్టం కింద ఆడిట్ ఉంటుంది. అప్పిచ్చిన జిల్లా సహకార కేంద్ర బ్యాంకు తనిఖీ చేస్తుంది. ఎరువులు అమ్మితే 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వుకు లోబడాలి. పన్ను లెక్క వేరే. ఒక్క యూరియా బస్తా అమ్మితే బిల్లు పుస్తకం, స్టాకు రిజిస్టరు, చిట్టా మూడింట్లోనూ రాయాలి. ఒకదానిలో రాసి మరొకటి మరిచిపోతే ఏడాది తర్వాత ఆడిట్‌లో గాని బయటపడదు. ఒకసారి నమోదు చేస్తే మిగిలిన పద్దులన్నిటా తనంత తానే పడటమే ఈ సాఫ్ట్‌వేరులోని సౌకర్యం.

అయితే రైతు జాగ్రత్తపడవలసిన చోటు వేరే ఉంది. కంప్యూటరుకు పాత సంగతులు తెలియవు. ఆవర్జాలో ఏముంటే అదే ఎక్కుతుంది. రైతు డబ్బు కట్టి రసీదు తెచ్చుకున్నా ఆవర్జాలో పడకపోతే అది బకాయిగానే ఎక్కుతుంది, దానిపై వడ్డీ కూడా పెరుగుతుంది. తారీఖు తప్పినా నష్టమే. 3 లక్షల లోపు పంట రుణంపై వడ్డీ 7 శాతం. గడువులోగా తీర్చినవారికి కేంద్రం 3 శాతం రాయితీ ఇస్తున్నందున 4 శాతమే పడుతుంది. 2 లక్షలు ఏడాదికి తీసుకున్న రైతుకు ఆ తేడా 6 వేల రూపాయలు. గడువులోగా కట్టినది గడువు దాటినట్లు నమోదైతే ఆ 6 వేలూ పోయినట్లే. ఇక బినామీ పేర్లతో రాసిన అప్పులు, చనిపోయిన తండ్రి పేరున నిలిచిన బాకీలు ఎవరి నెత్తిన పడతాయో ఇప్పుడే తేల్చుకోవాలి.

అందుచేత రసీదులు, పాస్‌పుస్తకం పట్టుకుని సంఘానికి వెళ్లి, తన ఖాతా నకలు అచ్చు తీయించుకుని సరిచూసుకోవడం మంచిది. తేడా ఉంటే నోటిమాటతో సరిపెట్టక అర్జీ రాసి, అందినట్లు సంతకం తీసుకోవాలి. అక్కడ పరిష్కారం కాకుంటే ఒంగోలులో జిల్లా సహకార అధికారి కార్యాలయం ఉంది. నిల్వ ఒప్పుకున్నట్లు సంతకం చేయడం ఆ తర్వాతి మాట.

డిపాజిట్ల సంగతి మరొకటి. కంప్యూటరు వచ్చినంత మాత్రాన సొసైటీ బ్యాంకు అయిపోదు. బ్యాంకు డిపాజిట్లకు 2020 ఫిబ్రవరి నుంచి 5 లక్షల దాకా బీమా ఉంది, జిల్లా కేంద్ర బ్యాంకుకూ అది వర్తిస్తుంది. గ్రామ సంఘంలో దాచిన డబ్బుకు ఆ బీమా లేదు. పత్తి అమ్మిన డబ్బు దాచుకునేవారు ఈ తేడా ఎరిగి ఉండాలి.

కంప్యూటరులో ప్రతి నమోదూ ఎవరి పేరున జరిగిందో దాఖలా నిలుస్తుంది. సెక్రటరీ పాస్‌వర్డు ఆఫీసులో అందరి నోటా ఉంటే ఆ దాఖలాకు విలువ ఉండదు. పాలకవర్గాలు దీనిపై కన్నేసి ఉంచాలి. ఎర్ర అట్ట ఆవర్జాలను కూడా ఇప్పుడే చెదలకు వదలరాదు. కట్టిన బాకీ మళ్లీ కట్టమన్న వివాదం ఎప్పుడు రేగినా రైతు రసీదు పక్కన పెట్టి చూడవలసింది ఆ పుస్తకాన్నే.