అరిసెల పాకం తర్వాత ఇంకో మెట్టు: ఇంట్లోనే చాక్లెట్ హనీకోంబ్



సంక్రాంతి సెలవులు వస్తున్నాయి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలో ఏ ఇంట చూసినా అరిసెల పిండి, సకినాల పిండి, పొయ్యి మీద బెల్లం పాకం కనిపించే రోజులివి. అదే వారంలో పిల్లలతో కలిసి చేయదగ్గ ఒక మిఠాయిని ఈ నెల పరిచయం చేస్తున్నాం. అదే చాక్లెట్‌లో ముంచిన హనీకోంబ్. కొరికితే కరకరలాడుతుంది, నోట్లో వేసుకున్న కాసేపటికి కరిగిపోతుంది. విరిచి చూస్తే లోపల తేనెపట్టులా చిన్న చిన్న గదులు ఉంటాయి. పేరు అందుకే వచ్చింది.

దీనికి ఓవెన్ అక్కర్లేదు, ఖరీదైన సామాను అక్కర్లేదు. కావలసిన అసలు విద్య పాకం పట్టడం. అది మన ఇళ్లలో అమ్మమ్మలకు, నానమ్మలకు ఎప్పటినుంచో తెలిసిందే. పదో తరగతి సైన్స్ పుస్తకంలో ఆమ్లాలు, క్షారాలు, లవణాల పాఠంలో వచ్చే వంట సోడా చర్య కూడా ఇందులో కళ్ల ముందే జరుగుతుంది. అయితే ఇందులో ఒక రెండు నిమిషాలు నిజంగా ప్రమాదకరమైనవి. ఆ రెండు నిమిషాలు ఎవరి చేతిలో ఉండాలో ముందే తేల్చుకుని మొదలుపెట్టాలి.

ఇది ఎక్కడి మిఠాయి?

బ్రిటన్‌లో దీన్ని సిండర్ టాఫీ అనీ, న్యూజిలాండ్‌లో హోకీ పోకీ అనీ పిలుస్తారు. కొరియా సీరియల్ 'స్క్విడ్ గేమ్'లో పిల్లలు చూసిన డల్గోనా బిళ్ల కూడా చక్కెర, వంట సోడాతో చేసేదే. దాన్ని పొంగిన వెంటనే అదిమి పలచగా చేస్తారు, అంతే తేడా. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో ఏబెల్ హోడ్లీ అనే మిఠాయి తయారీదారు 1913లో 'వయొలెట్ క్రంబుల్' పేరుతో దీన్ని చాక్లెట్ బార్‌గా తెచ్చారు. బ్రిటన్‌లో ఫ్రైస్ కంపెనీ 1929లో 'క్రంచీ' తెచ్చింది. విదేశాల నుంచి వచ్చే బంధువుల సూట్‌కేసుల్లో మీ పిల్లలు ఈ రెండింటిలో ఒకదాన్ని చూసే ఉండవచ్చు.

హోడ్లీకి ఎదురైన ఇబ్బంది ఒకటి మనకూ ఎదురవుతుంది. విడి ముక్కలు గాలిలోని తేమను పీల్చుకుని ఒకదానికొకటి అంటుకుపోయేవి. అందుకే ఆయన వాటిని చాక్లెట్‌లో ముంచారు. అంటే చాక్లెట్ ఇక్కడ రుచి కోసం మాత్రమే కాదు, ముక్కకు తేమ తగలకుండా వేసే కోటు కూడా.

పాకం ఎందుకు ముదురుతుంది?

నీళ్లు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతాయి. చక్కెర కరిగిన నీళ్లు అంతకంటే ఎక్కువ వేడి దగ్గర మరుగుతాయి. పాకంలో నీళ్లు ఆవిరైపోయే కొద్దీ చక్కెర పాలు పెరుగుతుంది, మరిగే వేడి కూడా పెరుగుతూ పోతుంది. పాకం ఎంత ముదిరిందో చూస్తే అది ఎంత వేడిగా ఉందో తెలిసేది అందుకే. చక్కెర పాకంలో ఈ మెట్లు సుమారుగా ఇలా ఉంటాయి:

• తీగ పాకం: 106 నుంచి 112 డిగ్రీలు. రెండు వేళ్ల మధ్య తీగ సాగుతుంది.
• ఉండ పాకం: 112 నుంచి 116 డిగ్రీలు. నీళ్లలో వేస్తే మెత్తటి ఉండ కట్టవచ్చు. అరిసెలకు చూసేది ఇదే.
• ముదురు పాకం: 149 నుంచి 154 డిగ్రీలు. నీళ్లలో వేసిన చుక్క గట్టిపడి 'టక్'మని విరుగుతుంది. హనీకోంబ్‌కు కావలసింది ఇది.

ఉండ పాకంలో 15 శాతం దాకా నీళ్లు ఉంటాయి. ముదురు పాకంలో మిగిలేది ఒక శాతమే. అందుకే అది చల్లారాక గాజులా పెళుసుగా ఉంటుంది. పల్లి పట్టీ చేసేవారు పళ్లెంలో నీళ్లు పోసుకుని చూసే పరీక్షా, బేకరీలో థర్మామీటర్ పెట్టి చూసేదీ ఒకే విషయాన్ని చెబుతాయి.

కావలసినవి

చక్కెర 200 గ్రాములు, తేనె 4 టేబుల్ స్పూన్లు, నీళ్లు 3 టేబుల్ స్పూన్లు, వంట సోడా 2 టీ స్పూన్లు (చదునుగా, జల్లించి), డార్క్ చాక్లెట్ లేదా డార్క్ కాంపౌండ్ 200 గ్రాములు, కాస్త నెయ్యి, బటర్ పేపర్.

తేనె బదులు కేకు సామాన్లు అమ్మే షాపుల్లో దొరికే లిక్విడ్ గ్లూకోజ్ వాడవచ్చు. ఈ రెండింటిలో ఏదో ఒకటి మాత్రం తప్పనిసరి. ఉత్త చక్కెర పాకం త్వరగా పలుకులు కడుతుంది. తేనెలోని గ్లూకోజ్, ఫ్రక్టోజ్ ఆ పలుకులు కట్టకుండా అడ్డుపడతాయి. గులాబ్ జామూన్ పాకంలో రెండు చుక్కల నిమ్మరసం పిండేదీ ఇందుకే. ఆమ్లం తగిలితే చక్కెరలో కొంత భాగం విడిపోయి అవే గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌గా మారుతుంది.

వంట సోడా, బేకింగ్ పౌడర్ ఒకటి కావు. ప్యాకెట్ మీద పేరు చూసి తీసుకోండి. బెల్లం ఈ వేడికి త్వరగా మాడుతుంది కాబట్టి చక్కెరతోనే చేయండి.

చేసే విధానం

1. అంచు ఎత్తుగా ఉన్న స్టీలు పళ్లెం లేదా కేకు గిన్నెకు నెయ్యి రాసి, బటర్ పేపర్ పరిచి సిద్ధంగా ఉంచండి. సోడా కూడా కొలిచి పక్కన పెట్టుకోండి. పాకం వచ్చాక వెతుక్కునే సమయం ఉండదు.

2. అడుగు దళసరిగా, లోతుగా ఉన్న గిన్నె తీసుకోండి. మూడు లీటర్ల కుక్కర్ అడుగు గిన్నె, మూత లేకుండా, సరిగ్గా సరిపోతుంది. సోడా పడ్డాక పాకం ఒక్కసారిగా ఎన్నో రెట్లు పొంగుతుంది. చిన్న గిన్నె అయితే పొర్లి చేతి మీద పడుతుంది.

3. చక్కెర, తేనె, నీళ్లు వేసి సన్నటి మంట మీద చక్కెర కరిగే దాకా కలపండి. కరిగాక మంట మధ్యస్థంగా పెట్టి, ఇక గరిటె పెట్టకండి. కలిపితే పలుకులు కడుతుంది.

4. లేత బంగారు రంగు రాగానే మంట తగ్గించి, చల్లటి నీళ్లలో ఒక చుక్క వేసి చూడండి. సాగితే ఇంకా కావాలి. విరిగితే, పంటికి అంటకపోతే సరిపోయింది. 170 డిగ్రీల దాకా పోతే చేదెక్కుతుంది.

5. స్టవ్ ఆపేయండి. సోడా అంతా ఒకేసారి చల్లి, పొడుగు పిడి గరిటెతో ఐదు సెకన్లు గబగబా కలిపి, వెంటనే పళ్లెంలో వంచండి. గరిటెతో సర్దవద్దు, పళ్లెం తట్టవద్దు. తడితే లోపలి గాలి గదులు కూలిపోతాయి.

6. గంట పాటు కదపకుండా చల్లారనివ్వండి. తర్వాత సుమారు 30 ముక్కలుగా విరవండి. గిన్నెకు అంటిన పాకాన్ని గీకవద్దు. నీళ్లు పోసి మరిగిస్తే దానంతట అదే కరిగిపోతుంది.

ఎవరి పని ఏది?

కొలవడం, సోడా జల్లించడం, పేపర్ పరచడం, చల్లారాక విరవడం, చాక్లెట్‌లో ముంచడం: ఇవి పిల్లలవి. పాకం మరగడం మొదలైనప్పటి నుంచి పళ్లెంలో పోసింది పూర్తిగా చల్లారే దాకా పని పెద్దవారిది. ఆ సమయంలో పిల్లలు స్టవ్‌కు కనీసం నాలుగడుగుల దూరంలో ఉండాలి. పొంగు చూడటానికి గిన్నె మీదికి వంగనివ్వకండి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. మరిగే నీళ్లు 100 డిగ్రీలు, ఈ పాకం 150. పైగా నీళ్లలా జారిపోదు, చర్మానికి అంటుకుని కాలుస్తూనే ఉంటుంది. పళ్లెంలో పోశాక పైకి గట్టిగా కనిపించినా లోపల చాలాసేపు వేడిగానే ఉంటుంది.

ఒకవేళ చేతి మీద పడితే వెంటనే కుళాయి కింద పెట్టి 20 నిమిషాల పాటు నీళ్లు ధారగా పారనివ్వండి. పాకాన్ని పీకవద్దు. నీళ్లే దాన్ని చల్లార్చి కరిగిస్తాయి. గాజులు, ఉంగరాలు వాపు రాకముందే తీసేయండి. ఐసు, టూత్‌పేస్ట్, పసుపు, కాఫీ పొడి ఏవీ పెట్టవద్దు. తర్వాత శుభ్రమైన బట్ట వదులుగా కప్పండి. బొబ్బలు వచ్చినా, ముఖం మీద, వేళ్ల మీద, కీళ్ల దగ్గర పడినా, గాయం పిల్లల అరచేయి కంటే పెద్దదైనా ఆసుపత్రికి తీసుకెళ్లండి. అవసరమైతే 108కు ఫోన్ చేయండి.

సోడా పడగానే ఏం జరిగింది?

పిల్లలు పరీక్ష కోసం రాసే చర్య ఇదే:

సోడియం బైకార్బొనేట్ + వేడి → సోడియం కార్బొనేట్ + నీరు + కార్బన్ డయాక్సైడ్

వచ్చిన వాయువు బయటికి పోయేలోపే చిక్కటి పాకం చల్లబడి గట్టిపడుతుంది. బుడగలు లోపలే చిక్కుకుంటాయి. పునుగులు, మిర్చి బజ్జీల పిండిలో చిటికెడు సోడా వేసినప్పుడు గుల్లగా వచ్చేదీ ఈ వాయువు వల్లే. సోడా ఎక్కువైతే నాలుకకు సబ్బులాంటి రుచి తగులుతుంది. అది మిగిలిపోయిన సోడా, సోడియం కార్బొనేట్‌ల రుచి. రుచి చూసి ఆ చర్యను అర్థం చేసుకున్న పిల్లలు సమీకరణాన్ని బట్టీ పట్టనక్కర్లేదు.

చాక్లెట్ కోటు

వేడి నీళ్ల గిన్నె మీద ఇంకో గిన్నె పెట్టి, తరిగిన చాక్లెట్‌ను అందులో కరిగించండి. పై గిన్నె అడుగు నీళ్లకు తగలకూడదు. ఒక్క నీటి చుక్క పడినా చాక్లెట్ ముద్ద కట్టిపోతుంది. ఫోర్క్‌తో ముక్కను ముంచి, కారనిచ్చి, బటర్ పేపర్ మీద పెట్టండి. ఎక్కడా ఖాళీ లేకుండా అన్ని వైపులా పట్టాలి.

లేబుల్ చదివే అలవాటుకూ ఇది మంచి సందర్భం. 'కోకో బటర్' అని ఉంటే అసలు చాక్లెట్. వేరే వెజిటబుల్ ఫ్యాట్ వాడితే అది కాంపౌండ్. కాంపౌండ్‌తో పని తేలిక. అసలు చాక్లెట్ రుచి మేలు గానీ ఆరాక పైన తెల్లటి చారలు రావచ్చు. వాటివల్ల హాని లేదు. కోకో బటర్ సుమారు 34 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. 40 డిగ్రీలు దాటే మన మే నెలలో ఈ పని పెట్టుకోకండి. సాగర్ ఎడమ కాలువ ఆయకట్టులో నాట్లు పడే వానాకాలమూ మంచిది కాదు, గాలిలో తేమ ఎక్కువ. డిసెంబర్, జనవరి నెలలే దీనికి అనువైనవి.

అన్నట్టు, కోకో మనకు దూరపు పంటేమీ కాదు. పొరుగున ఏలూరు, పశ్చిమ గోదావరి జిల్లాల్లో కొబ్బరి, పామాయిల్ తోటల మధ్య అంతర పంటగా పండుతోంది. దేశంలో కోకో ఎక్కువగా పండించేది ఆంధ్రప్రదేశే.

ఎంత తినవచ్చు?

పై కొలతతో చేసిన ఒక్కో ముక్కలో చాక్లెట్‌తో కలిపి సుమారు 12 గ్రాముల చక్కెర ఉంటుంది, అంటే దాదాపు మూడు టీ స్పూన్లు. రోజుకు తీసుకునే శక్తిలో ఇలాంటి చక్కెరల వాటా 10 శాతం లోపు, వీలైతే 5 శాతం లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. పెద్దవారికి ఆ 5 శాతం అంటే సుమారు 25 గ్రాములు. పిల్లలకు ఇంకా తక్కువ. కాబట్టి అరిసె తిన్న రోజు ఇది వద్దు, ఇది తిన్న రోజు ఒక్క ముక్క చాలు. తిన్నాక నోరు పుక్కిలించడం, రాత్రి బ్రష్ చేసుకోవడం మరవకూడదు. ఏడాది నిండని పాపాయికి తేనె ఉన్న ఏదీ పెట్టకూడదు. మిగతా ముక్కలు గాలి చొరని డబ్బాలో వేసి, ఇరుగుపొరుగుకు పంచండి.

సెలవుల్లో చిన్న ప్రయోగం

చాక్లెట్‌లో ముంచిన ముక్క ఒకటి, ముంచనిది ఒకటి పళ్లెంలో పెట్టి, జాలీ మూత పెట్టి రెండు రోజులు వంటింట్లో వదిలేయండి. ఉదయం, సాయంత్రం ఏది ఎలా మారిందో పిల్లలను నోట్‌బుక్‌లో రాయమనండి. ఏది ముందు జిగటగా మారింది? ఎందుకు? ముంచిన ముక్కలో ఎక్కడైనా చాక్లెట్ పట్టని చోటు ఉంటే అక్కడ ఏమైంది? సెలవుల తర్వాత ఆ పేజీని సైన్స్ టీచర్‌కు చూపించమని చెప్పండి.

మీకూ మీ కుటుంబానికీ సంక్రాంతి శుభాకాంక్షలు.