రోగిపరిచర్యలో పరిశోధన మార్గములు

రోగిపరిచర్యను గూర్చిన పరిశోధనయందు ముఖ్యముగా రెండు దృక్పథములు కానవచ్చుచున్నవి. సత్యమును కొలిచి తెలిసికొనవలెనని మొదటిది. అనుభవించినవారి మాటలలో వెదకవలెనని రెండవది. ఏది గొప్పదని వాదించుటకంటె, ఏ ప్రశ్నకు ఏది తగునో విచారించుట మేలని మా అభిప్రాయము.

క్రిమియా యుద్ధకాలమున, 1854లో, ఫ్లారెన్సు నైటింగేలు స్కుటారి సైనిక వైద్యశాలకు వెళ్లెను. సైనికులలో గాయములవలనకంటె నివారింపదగిన రోగములవలన మరణించినవారే ఎక్కువయని ఆమె 1858లో లెక్కలతోను రేఖాచిత్రములతోను నిరూపించెను. ఇట్టి విషయమును సంఖ్యలే తేల్పగలవు.

కాని మరణము సమీపించిన రోగి తన స్థితిని ఎంతవరకు ఎరుగును? దానిని అతనికి ఎవరు చెప్పుదురు, ఎవరు దాచుదురు? ఇచట లెక్క చాలదు. గ్లేజరు, స్ట్రాసు అను సామాజికశాస్త్రజ్ఞులు సాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతపు వైద్యశాలలలో ప్రత్యక్షముగా పరిశీలించి 1965లో ఒక గ్రంథమును ప్రకటించిరి. సిద్ధాంతమును ముందుగా నిలుపక, సేకరించిన సాక్ష్యమునుండియే నిర్మించు పద్ధతిని వారు 1967లో వివరించిరి.

ఈ రెండు తెరగుల ఫలితములును పూర్వపరిశోధన సమీక్షలో కలిసికొనవలెను. సమీక్ష గ్రంథముల పట్టిక కాదు. ప్రశ్నను నిర్ణయించి, వెదకిన తావులను, గ్రహించుటకును విడుచుటకును గల కారణములను తెలిపి, ప్రతి పరిశోధనను దాని పద్ధతికి తగిన ప్రమాణముతో పరీక్షింపవలెను. విట్టెమోరు, నాఫ్లు అను పరిశోధకులు 2005లో విశదీకరించిన సమగ్రసమీక్షాపద్ధతి భిన్నమార్గముల ఫలితములను ఒకచోట చేర్చుటకు వీలు కల్పించుచున్నది. సంఖ్యలుగల వ్యాసములనే స్వీకరించిన సమీక్షకుడు రోగి మాటను వినకముందే త్రోసివేసినవాడగును.