కారు తలుపు లాచ్: పుట్టుక, పనితీరు, మరమ్మతు

కారు తలుపును మూసి ఉంచేది దాని వెనక అంచులో అమర్చిన అరచేతి పాటి ఉక్కు యంత్రం. దాన్నే లాచ్ అంటారు. ప్రమాదంలో తలుపు ఊడి తెరుచుకోకూడదు, మామూలప్పుడు వేలితో లాగితే రావాలి. ఈ రెండు అవసరాలనూ ఒకేసారి తీర్చడమే దాని పని.

తొలి కార్లకు గుర్రపు బగ్గీల తరహా స్ప్రింగు నాలుక గడియలే ఉండేవి. గుద్దుకున్నప్పుడు బాడీ కాస్త వంగితే చాలు, నాలుక జారి తలుపు తెరుచుకునేది. లోపలివారు ఎగిరి రోడ్డు మీద పడేవారు. అలా బయట పడినవారికి ప్రాణాపాయం చాలా ఎక్కువని 1950లలో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు తేల్చారు. ఫోర్డ్ సంస్థ 1956 మోడల్ కార్లకు తెచ్చిన ‘లైఫ్‌గార్డ్’ భద్రతా ఏర్పాట్లలో గట్టి లాచ్ ఒకటి. 1968 నుంచి అమెరికాలో ప్రయాణికుల కార్ల తలుపు లాచ్‌లకు ప్రమాణాలు తప్పనిసరి అయ్యాయి. వాటి ప్రకారం పూర్తిగా పడిన లాచ్ కారు పొడవు దిశలో 2,500 పౌండ్ల, అంటే సుమారు 1,130 కిలోల లాగుడును తట్టుకోవాలి.

లాచ్‌లో ప్రధాన భాగాలు రెండు: తిరిగే కొక్కెం, దాన్ని ఆపే మీట. తలుపు వేయగానే బాడీకి బిగించిన స్ట్రైకర్ అనే ఇనుప కమ్మీ కొక్కెంలోకి దూరి దాన్ని తిప్పుతుంది. మీట మొదటి గాడిలో పడితే తలుపు సగం పడినట్టు, రెండో గాడిలో పడితే పూర్తిగా పడినట్టు. హ్యాండిల్ లాగినప్పుడు రాడ్డో కేబులో ఆ మీటను పక్కకు జరుపుతుంది. లాక్ వేస్తే ఈ లంకె తెగుతుంది; హ్యాండిల్ కదిలినా మీట కదలదు. చైల్డ్ లాక్ లోపలి హ్యాండిల్ లంకెను మాత్రమే తెంచుతుంది.

తలుపు రానప్పుడు హ్యాండిలే చాలావరకు కారణం చెబుతుంది. వదులుగా ఊగితే రాడ్డు ప్లాస్టిక్ క్లిప్పు విరిగి ఉండవచ్చు, కేబుల్ ఊడి ఉండవచ్చు. గట్టిగా ఉండి కదలకపోతే గ్రీజు ఎండిపోయి ఉండవచ్చు, దెబ్బకు తలుపు వంగి మీట మీద ఒత్తిడి పడుతూ ఉండవచ్చు. వెనక తలుపు లోపలి నుంచి మాత్రమే రాకపోతే ముందుగా చైల్డ్ లాక్ చూడాలి. రిమోట్ నొక్కినా ఆ ఒక్క తలుపే అన్‌లాక్ కాకపోతే దాని లాక్‌ను నడిపే మోటారు మీద అనుమానం.

తెరవడానికి ఇద్దరుంటే మంచిది. ఒకరు తలుపును అరచేతులతో లోపలికి నెడితే రబ్బరు బీడింగ్ ఒత్తిడి కొక్కెం నుంచి మీటకు చేరదు; అదే క్షణంలో రెండోవారు హ్యాండిల్ లాగాలి. అన్‌లాక్ బటన్‌ను పదేపదే నొక్కుతూ లాగినా ఒక్కోసారి వస్తుంది. అప్పటికీ రాకపోతే లోపలి డోర్ ప్యాడ్ విప్పి, లాచ్ మీటను నేరుగా స్క్రూడ్రైవర్‌తో జరపాలి. సైడ్ ఎయిర్‌బ్యాగ్ వైర్లు, సెన్సర్లు ఉన్న తలుపైతే ఈ పని మెకానిక్‌కు వదలడం క్షేమం.

తెరిచాక పాత గ్రీజు తుడిచి లిథియం గ్రీజు రాయాలి, విరిగిన క్లిప్పు మార్చాలి. స్ట్రైకర్ జరపాల్సి వస్తే పాత స్థానం చుట్టూ ముందుగా గీత గీసుకోవాలి. చివరగా, తలుపు తెరిచి ఉండగానే స్క్రూడ్రైవర్‌తో కొక్కేన్ని రెండు ‘టక్’ల వరకు తిప్పి, రెండు హ్యాండిళ్లతోనూ విడిపించి చూడాలి. రెండింటికీ విడిపోతేనే తలుపు వేయాలి.